ఎలక్ట్రోమాన్సరా, అఫినిటీయా, డెల్వా: మనా మిగిలేది దేనితో?

బీసెంట్ రోడ్డులో బేరమాడి బిల్లు తగ్గించుకోవడం వేరు, వీధిలోకొచ్చిన స్టీలు సామాన్లవాడికి పాత బట్టలిచ్చి గిన్నె తీసుకోవడం వేరు. మొదటిదాంట్లో ధరే తగ్గింది. రెండోదాంట్లో ధర అంతే ఉంది, డబ్బు బదులు బట్టలిచ్చాం. మ్యాజిక్ ద గ్యాదరింగ్ అనే కార్డుల ఆటలో కార్డులు (స్పెల్స్) వేయడానికి కట్టే డబ్బు లాంటిది మనా. అందులో గాబ్లిన్ ఎలక్ట్రోమాన్సర్ అనే కార్డు, కొన్ని కార్డులకుండే అఫినిటీ అనే గుణం బేరం లాంటివి. డెల్వ్ అనే గుణం పాత బట్టల లెక్క. విజయవాడలో ఆడినా ఎక్కడ ఆడినా, ఖర్చు దగ్గర వాదన వచ్చిందంటే చాలాసార్లు ఈ తేడా మరవడం వల్లే.

లెక్క వేసే వరస ఇది: ముందు కార్డు మీది మనా ఖర్చు, దానికి ఖర్చు పెంచే థాలియా లాంటి కార్డుల పెంపులు కలపాలి, ఆపైన తగ్గింపులు తీసేయాలి, చిట్టచివర ఏ స్పెల్ ధరనూ 3 కన్నా తగ్గనివ్వని ట్రినిస్ఫియర్ కార్డు ఉందేమో చూడాలి. అక్కడితో ధర ఖాయం. చెల్లింపు ఆ తర్వాతే.

ఎలక్ట్రోమాన్సర్‌కి 2 మనా పెట్టాలి. అప్పటినుంచి మీ ఇన్‌స్టంట్లకు, సోర్సరీలకు (ఒకసారి పనిచేసి అయిపోయే స్పెల్స్‌కి) 1 తగ్గుతుంది. తగ్గేది బూడిదరంగు గుండ్రంలోని అంకె (ఏ మనాతోనైనా కట్టగలిగేది) మాత్రమే, రంగు మనా కదలదు. అందుకే 2 నీలం మనాల కౌంటర్‌స్పెల్‌కి దీనివల్ల ఒరిగేదేమీ లేదు. 2, ఒక నీలం అడిగే డివినేషన్‌కి రెండు ఎలక్ట్రోమాన్సర్లుంటే ఒక్క నీలంతో సరి, మూడోది దండగ. పెట్టిన 2 మనా రాబట్టడానికే రెండు స్పెల్స్ పడతాయి, ఈలోగా 3 దెబ్బ కొట్టే లైట్నింగ్ బోల్ట్ ఒక్కటి తగిలితే ఈ 2/2 ప్రాణి (బలం 2, ఓర్పు 2) పోయినట్టే. ఒకే టర్న్‌లో నాలుగైదు స్పెల్స్ వేసే డెక్ అయితేనే పెట్టుకోండి.

ఇక అఫినిటీ. ఆ గుణమున్న థాట్‌కాస్ట్ ఖర్చు 4, ఒక నీలం. మీ దగ్గరున్న ఒక్కో ఆర్టిఫ్యాక్ట్‌కి (వస్తువు రకం కార్డుకి) 1 తగ్గుతుంది. అసలు రుచి ట్రెజర్ టోకెన్లతో, అంటే బలిస్తే ఒక మనా ఇచ్చే ఆర్టిఫ్యాక్ట్‌లతో. నాలుగు ట్రెజర్లున్నప్పుడు ముందు స్పెల్ ప్రకటిస్తే ధర ఒక్క నీలం దగ్గర ఖాయమవుతుంది. అప్పుడు ఒక ట్రెజర్‌ని బలిచ్చి ఆ నీలం కట్టేయొచ్చు, మూడు మిగులుతాయి. తొందరపడి ముందే ట్రెజర్ పగలగొడితే లెక్కకు మూడే ఉంటాయి, ధర 2 మనా అవుతుంది, రెండో ట్రెజర్ కూడా పోతుంది. ఎదుటివాడి ట్రినిస్ఫియర్ అన్‌టాప్‌లో ఉంటే మాత్రం ఎన్ని ఆర్టిఫ్యాక్ట్‌లున్నా 3 మనా కట్టాల్సిందే, ఆటోవాడి మినిమం చార్జీలాగా.

డెల్వ్ ఉన్న ట్రెజర్ క్రూజ్‌ని ఆ ట్రినిస్ఫియర్ ఏమీ చేయలేదు. దాని ధర 7, ఒక నీలం. 8 మనా 3 కన్నా ఎక్కువే కదా. ఆ 7 బదులు గ్రేవ్‌యార్డ్ (వాడేసిన కార్డుల కుప్ప) నుంచి ఏడు కార్డులు ఎక్సైల్ చేస్తే (ఆట నుంచి పక్కకు తీసేస్తే) ఒక్క నీలంతో మూడు కార్డులొస్తాయి. థాలియా 1 పెంచినా ఎనిమిదో కార్డు ఎక్సైల్ చేస్తే సరి. 2015 జనవరిలో మోడర్న్, లెగసీ ఫార్మాట్లలో దీన్ని నిషేధించారంటే ఊరికే కాదు. కాకపోతే రెండో క్రూజ్ వేసేసరికి గ్రేవ్‌యార్డ్ ఖాళీ. గ్రేవ్‌యార్డ్ నుంచే మళ్లీ వేసుకునే ఫ్లాష్‌బ్యాక్ కార్డుల డెక్‌లో అయితే మన కాళ్లు మనమే నరుక్కున్నట్టు.

పన్నులు వేసే కార్డులు ఎదురయ్యే చోట డెల్వే మేలు, ట్రెజర్లు దండిగా పుట్టే డెక్‌లో అఫినిటీ.

మూడింటిలోనూ మనా వాల్యూ (కార్డు మీద అచ్చయిన ఖర్చు మొత్తం) మాత్రం మారదు. తన మీదున్న కౌంటర్ల (గుర్తుల) లెక్కకు సమానమైన వాల్యూ ఉన్న స్పెల్స్‌ని ఆపేసే కార్డు చాలిస్ ఆఫ్ ద వాయిడ్. అందుకే 1 కౌంటర్‌తో ఉన్న చాలిస్, ఒక్క నీలం కట్టి వేసిన థాట్‌కాస్ట్‌ని ఆపలేదు, దాని వాల్యూ 5 కాబట్టి. అదే ఒక్క మనాకి వేసిన బోల్ట్‌ని ఆపేస్తుంది.