కొనే ముందు బ్యాండ్ చూడాలి: రెండు బ్యాండ్ల సిగ్నల్ బూస్టర్‌ను కొన్నేళ్లు వాడిన అనుభవం

కొన్నేళ్లుగా ఇంట్లో మొబైల్ సిగ్నల్ బూస్టర్ వాడుతున్నాను. 900, 1800 మెగాహెర్ట్జ్ బ్యాండ్లను, అంటే ఆ రెండు ఫ్రీక్వెన్సీ పరిధులను మాత్రమే బలపరిచే పరికరం అది. మేడ మీద ఇనుప గొట్టానికి బిగించిన, ఒక దిక్కుకే గురిపెట్టే లాగ్ పీరియాడిక్ యాంటెన్నా, అక్కడి నుంచి కిందికి దిగే కోయాక్సియల్ కేబుల్, మధ్య గదిలో యాంప్లిఫయర్, వెనక గదిలో చిన్న ప్యానెల్ యాంటెన్నా, ఇదీ మొత్తం అమరిక. ఇది నాకు బాగా పనికొచ్చింది, ఇప్పటికీ పనికొస్తోంది. అయితే ఆ ఫలితంలో ఎక్కువ వాటా యంత్రానిది కాదనీ, కొనే ముందు మా ఇంటికి సిగ్నల్ ఇస్తున్న టవర్ ఏయే బ్యాండ్లలో ప్రసారం చేస్తోందో తెలుసుకోవడానికి వెచ్చించిన సమయానిదనీ నా గట్టి నమ్మకం. అందుకే ఈ సమీక్షలో ఎక్కువ భాగం ఆ పని గురించే రాస్తున్నాను.

బూస్టర్ సిగ్నల్‌ను పుట్టించదు. బయటి యాంటెన్నాకు అందినదాన్ని పెంచి లోపలికి పంపుతుంది, లోపలి ఫోన్ పంపేదాన్ని పెంచి టవర్‌కు చేరుస్తుంది. ఆ పెంపు కూడా లోపలి ఫిల్టర్లు అనుమతించిన ఫ్రీక్వెన్సీలకే పరిమితం. అట్టపెట్టె మీద పెద్ద అక్షరాలతో కనిపించే 2జీ, 3జీ, 4జీ అనే మాటలకు ఈ ఫిల్టర్ల దృష్టిలో ఏ విలువా లేదు. మీ టవర్ 4జీని 2100 మెగాహెర్ట్జ్‌లో ఇస్తూ ఉంటే, 4జీ అని రాసి ఉన్న 1800 బూస్టర్ వల్ల ఇసుమంత ప్రయోజనం కూడా ఉండదు. అదే టవర్ 4జీని 900లో ఇస్తూ ఉంటే, 2జీ కోసమని అమ్మిన పాత 900 బూస్టర్ కూడా చాలావరకు పని చేస్తుంది. అమ్మకందారు చెప్పే తరం పేరును పక్కన పెట్టి మెగాహెర్ట్జ్ అంకెలనే చూడాలని నేను పట్టుబట్టడానికి కారణం ఇదే.

బ్యాండ్ కనుక్కోవడానికి ప్రత్యేక పరికరం అక్కర్లేదు, చేతిలోని ఫోనే చాలు. ఐఫోన్‌లో డయల్ తెర మీద *3001#12345#* నొక్కి కాల్ చేస్తే ఫీల్డ్ టెస్ట్ తెర వస్తుంది. అందులో ప్రస్తుతం ఫోన్‌కు సేవ అందిస్తున్న సెల్ వివరాల్లో బ్యాండ్ సంఖ్య ఉంటుంది. చాలా సామ్‌సంగ్ ఫోన్లలో *#0011# నొక్కితే ఇలాంటి తెరే వస్తుంది. మిగతా ఆండ్రాయిడ్ ఫోన్లలో నెట్‌మాన్‌స్టర్, సెల్‌మ్యాపర్ వంటి యాప్‌లు ఈ వివరాలను మరింత శుభ్రంగా చూపిస్తాయి. నేను ఎక్కువగా నెట్‌మాన్‌స్టర్ మీద ఆధారపడ్డాను.

యాప్ బ్యాండ్ సంఖ్యను నేరుగా చూపితే సరే. చూపకపోయినా ఈఏఆర్‌ఎఫ్‌సీఎన్ అనే ఛానెల్ సంఖ్య కనిపిస్తే అంతకన్నా మంచి సమాచారమే దొరికినట్లు, ఎందుకంటే బ్యాండ్‌తో పాటు ఆ బ్యాండ్‌లో మీ టవర్ ఎక్కడ నిలబడి ఉందో కూడా దాన్నుంచే లెక్కగట్టవచ్చు. 0 నుంచి 599 వరకు ఉంటే బ్యాండ్ 1, అంటే 2100. 1200 నుంచి 1949 వరకు బ్యాండ్ 3, అంటే 1800. 2400 నుంచి 2649 వరకు బ్యాండ్ 5, అంటే 850. 3450 నుంచి 3799 వరకు బ్యాండ్ 8, అంటే 900. 6150తో బ్యాండ్ 20, 9210తో బ్యాండ్ 28, 38650తో బ్యాండ్ 40 మొదలవుతాయి. మా మేడ మీద ఒక సిమ్‌కు 1300 అని కనిపించింది. బ్యాండ్ 3 మొదలయ్యే 1200ను దాన్నుంచి తీసేస్తే 100 మిగులుతుంది. ఒక్కో అంకె 0.1 మెగాహెర్ట్జ్ కాబట్టి అది 10 మెగాహెర్ట్జ్. టవర్ ఫోన్‌కు పంపే డౌన్‌లింక్ బ్యాండ్ 3లో 1805 దగ్గర మొదలవుతుంది కాబట్టి టవర్ ప్రసారపు మధ్య ఫ్రీక్వెన్సీ 1815. ఫోన్ తిరిగి పంపే అప్‌లింక్ ఈ బ్యాండ్‌లో 95 మెగాహెర్ట్జ్ కింద ఉంటుంది కనుక అది 1720.

రెండో లెక్క నాకు ఇంకా ఎక్కువ ఉపయోగపడింది. 900లో కనిపించిన ఛానెల్ సంఖ్య 3500. బ్యాండ్ 8 డౌన్‌లింక్ 925 దగ్గర మొదలవుతుంది కాబట్టి ఇది 930. అప్‌లింక్ 45 మెగాహెర్ట్జ్ కింద, అంటే 885. తీరా బూస్టర్ల వివరపత్రాలు చూస్తే, 900 అని అమ్ముతున్న కొన్ని యంత్రాల పరిధి అప్‌లింక్‌కు 890 నుంచి 915, డౌన్‌లింక్‌కు 935 నుంచి 960 అని ఉంది. ఇది తొలినాటి జీఎస్ఎం, అంటే 2జీ పరిధి. తరువాత దాన్ని కింది వైపు 10 మెగాహెర్ట్జ్ పెంచారు. మా టవర్ సరిగ్గా ఆ పెంచిన ముక్కలోనే ఉంది. పేరుకు 900 బూస్టరే అయినా ఆ యంత్రాలు మా ఇంట్లో అలంకారంగా గోడకు వేలాడటం తప్ప ఏమీ చేసేవి కావు. 880 నుంచి 915, 925 నుంచి 960 అని స్పష్టంగా రాసిన యంత్రాన్నే ఎంచుకున్నాను. కొనేవారు ఎవరైనా అప్‌లింక్, డౌన్‌లింక్ రెండు పరిధులనూ మొదటి అంకె నుంచి చివరి అంకె దాకా రాతపూర్వకంగా అడిగి తీసుకోవాలి. అవి ఇవ్వలేని అమ్మకందారు దగ్గర కొనకపోవడమే మంచిది.

900, 2100 వంటి గుండ్రటి అంకెల పేర్లు మరోచోట కూడా తికమక పెడతాయి. బ్యాండ్ 1, బ్యాండ్ 4 రెండింటి డౌన్‌లింక్‌లూ 2110 దగ్గరే మొదలవుతాయి, కానీ బ్యాండ్ 1 అప్‌లింక్ 1920 నుంచి, బ్యాండ్ 4 అప్‌లింక్ 1710 నుంచి ఉంటాయి. ఒకదాని కోసం చేసిన బూస్టర్‌ను మరొకదానికి వాడితే టవర్ మాట ఫోన్‌కు బ్రహ్మాండంగా వినిపిస్తుంది, ఫోన్ మాట మాత్రం టవర్‌కు చేరదు. గీతలు నిండుగా కనిపిస్తూ కాల్ కలవకపోతే మొదట అనుమానించాల్సింది ఈ అప్‌లింక్‌నే.

ఇక ఫోన్ ఎప్పుడు, ఎక్కడ చూశామన్నది చాలా ముఖ్యం. జేబులో ఊరికే ఉన్న ఫోన్ ఒక్క బ్యాండ్‌నే చూపిస్తుంది. పెద్ద ఫైలు డౌన్‌లోడ్ మొదలుపెడితే అది క్యారియర్ అగ్రిగేషన్ ద్వారా రెండో బ్యాండ్‌ను, ఒక్కోసారి మూడోదాన్ని కూడా కలుపుకుంటుంది. వోల్టీ, అంటే 4జీలోనే కాల్ నడిపే సదుపాయం, లేని సిమ్‌లో కాల్ చేస్తే, ఫోన్ 4జీని వదిలి 2జీకో 3జీకో దిగిపోతుంది, ఆ సేవ మరో బ్యాండ్‌లో ఉండవచ్చు. పైగా ఏ బ్యాండ్‌ను పట్టుకోవాలన్నది సిగ్నల్ బలం ఒక్కటే తేల్చదు. నెట్‌వర్క్ పంపే ప్రాధాన్య క్రమం కూడా తేలుస్తుంది. మా ఇంట్లో జరిగిందీ అదే. మేడ మీద ఫోన్ 1800లో ఉంటుంది, మెట్లు దిగి వెనక గదిలోకి వచ్చేసరికి 900కు మారుతుంది. వెనక గదిలో మాత్రమే చూసి ఒక్క 900 బూస్టర్ కొని ఉంటే, డేటాకు ఆధారమైన 1800 మేడ మీదే ఉండిపోయేది. ఊరికే ఉన్నప్పుడు, డౌన్‌లోడ్ జరుగుతున్నప్పుడు, కాల్ మాట్లాడుతున్నప్పుడు, ఈ మూడు స్థితుల్లోనూ, యాంటెన్నా పెట్టదలచిన చోటే నిలబడి, ఇంట్లో వాడే ప్రతి సిమ్‌కూ విడివిడిగా చూసి రాసుకోవాలి. బ్యాండ్ లాక్ సదుపాయం ఉన్న 4జీ రూటర్ ఎవరి దగ్గరైనా దొరికితే ఇంకా మేలు, ఒక్కో బ్యాండ్‌నూ బలవంతంగా పట్టించి దేని బలం ఎంతో నేరుగా కొలవవచ్చు. సెల్‌మ్యాపర్ పటాల వల్ల టవర్ ఏ దిక్కున ఉందో తెలుస్తుంది, కానీ అవి వాడుకరులు పోగుచేసిన సమాచారంతో తయారైనవి కాబట్టి బ్యాండ్ విషయంలో తుది మాట సొంత కొలతదే కావాలి.

బలంతో పాటు నాణ్యత కూడా చూడాలి. ఆర్‌ఎస్‌ఆర్‌పీ అనేది బలం. మైనస్ 90 డీబీఎం చుట్టుపక్కల ఉంటే బాగున్నట్లు, మైనస్ 110 దాటి కిందికి పోతే కష్టమే. ఎస్ఐఎన్ఆర్ అనేది గోల మధ్య అసలు సిగ్నల్ ఎంత తేటగా ఉందో చెప్పే కొలత. మేడ మీద బలం ఉండి తేటదనం లేకపోతే, బూస్టర్ సిగ్నల్‌తో పాటు గోలను కూడా పెంచి లోపలికి తెస్తుంది. జనం ఎక్కువై టవర్ నెమ్మదించిన చోట కూడా బూస్టర్ చేయగలిగింది లేదు.

బిగింపు గురించి ఎక్కువ చెప్పాల్సిన పని లేదు. బయటి యాంటెన్నాకూ లోపలి యాంటెన్నాకూ మధ్య వీలైనంత ఎడం, వీలైతే కాంక్రీటు స్లాబు అడ్డు ఉండాలి. లేకపోతే లోపలి సిగ్నల్ మళ్లీ బయటి యాంటెన్నాకు చేరి యంత్రం తనలో తానే ఊళ పెడుతుంది. ఆ స్థితిలో అది మీకు పనికిరాకపోగా టవర్‌కూ, దాని మీద ఆధారపడిన ఇరుగుపొరుగు వారికీ ఆటంకం కలిగిస్తుంది. కేబుల్ ఎంపికకు కూడా బ్యాండే ప్రాతిపదిక. ఎల్‌ఎంఆర్ 400 రకం మందపు కేబుల్‌లో పది మీటర్లకు 900 దగ్గర దాదాపు 1.3 డెసిబెళ్లు పోతే, 1800 దగ్గర దాదాపు 1.9 పోతాయి. సన్నని కేబుల్‌లో నష్టం దీనికి కొన్ని రెట్లు ఉంటుంది.

ఫలితం విషయానికొస్తే, వెనక గదిలో 1800 బలం మైనస్ 119 నుంచి మైనస్ 93కు వచ్చింది, 900 బలం మైనస్ 104 నుంచి మైనస్ 85కు వచ్చింది. కాల్స్ మధ్యలో తెగిపోవడం ఆగింది. ఫోన్ ఊరికే వేడెక్కి బ్యాటరీ తాగేయడం కూడా తగ్గింది, ఎందుకంటే దూరపు టవర్‌కు అందాలని అది గొంతు చించుకోవాల్సిన అవసరం పోయింది. వేగం మాత్రం మేడ మీద వచ్చినంత రాదు. టవర్ రెండు ధారలుగా పంపే డేటాను ఒక్క యాంటెన్నా, ఒక్క కేబుల్ గుండా ఇంట్లోకి తెస్తున్నాం కనుక ఒక ధార బయటే ఆగిపోతుంది. ఈ తరగతి బూస్టర్లన్నిటికీ ఉన్న పరిమితి ఇది, దీన్ని లోపంగా నేను లెక్కించను.

దీర్ఘకాల వాడకంలో తెలిసినవి రెండున్నాయి. మొదటిది, నెట్‌వర్క్ మారుతూ ఉంటుంది. మా దగ్గర 900లో కొంత భాగం పాత సేవల నుంచి 4జీకి మారింది. ఫ్రీక్వెన్సీ అదే కాబట్టి యంత్రం ఏ మార్పూ లేకుండా కొత్త సేవను కూడా మోసింది. ఆ తరువాత అదే టవర్ 2100లో అదనపు క్యారియర్, అంటే మరో ప్రసారం, మొదలుపెట్టింది. మేడ మీద ఫోన్ దాన్ని కలుపుకుంటుంది, ఇంట్లో కలుపుకోలేదు. కొన్ని నెలలకోసారి మేడ ఎక్కి యాప్ చూసి రాసుకునే అలవాటు అందువల్లే కొనసాగిస్తున్నాను. రెండోది, పక్క టవర్ బెడద. మాకు దగ్గరలో వేరే నెట్‌వర్క్ టవర్ కొత్తగా వచ్చి 1800లోనే ప్రసారం మొదలుపెట్టింది. బ్యాండ్ మొత్తాన్ని పెంచే బూస్టర్‌కు ఎవరి సిగ్నల్ ఎవరిదో తెలియదు. పక్కవారి బలమైన సిగ్నల్ తగలగానే అది తన పెంపును తగ్గించుకుంటుంది, దాంతో మన బలహీనమైన సిగ్నల్ వెనకబడుతుంది. యాంటెన్నాను ఆ కొత్త టవర్‌కు వీపు ఉండేలా కొద్దికొద్దిగా తిప్పుతూ చూస్తే చాలావరకు కోలుకుంది. అన్ని వైపుల నుంచీ సిగ్నల్ తీసుకునే గుండ్రటి యాంటెన్నా అయి ఉంటే ఈ వీలు ఉండేది కాదు. కొనే ముందు సర్వేలో సొంత నెట్‌వర్క్‌తో పాటు, చుట్టుపక్కల అదే బ్యాండ్‌లో ఇంకెవరెవరు ఎంత బలంగా ఉన్నారో కూడా చూడమని అందరికీ చెబుతాను.

చట్టం గురించి కూడా ముందే విచారించాలి. అమెరికాలో 2014 నుంచి అమ్మే వినియోగదారుల బూస్టర్లు అక్కడి నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ ప్రమాణాలకు లోబడి ఉండాలి, వాడేవారు తమ నెట్‌వర్క్ సంస్థ దగ్గర నమోదు చేసుకోవాలి. అనుమతి లేకుండా బూస్టర్ పెట్టడమే నేరంగా పరిగణించే దేశాలు కూడా ఉన్నాయి. అలాంటి చోట నెట్‌వర్క్ సంస్థనే అడగడం, లేదా ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ ఉంటే వైఫై కాలింగ్ వాడుకోవడం సరైన దారి.

సర్వేలో 40, 41 వంటి బ్యాండ్లు గానీ, 3300 నుంచి 3800 మెగాహెర్ట్జ్ వరకు ఉండే 5జీ బ్యాండ్ ఎన్78 గానీ కనిపిస్తే ఈ రకం బూస్టర్ గురించి ఆలోచించడమే వద్దు. వీటిలో అప్‌లింక్, డౌన్‌లింక్ రెండూ ఒకే ఫ్రీక్వెన్సీని వంతులవారీగా వాడుకుంటాయి. టవర్ గడియారంతో అడుగు కలిపి క్షణక్షణం దిశ మార్చుకోగల ప్రత్యేక బూస్టర్ ఉంటే తప్ప ప్రయోజనం లేదు. మా టవర్‌కు ఎన్78 వచ్చింది, నా యంత్రం దాన్ని దాటనివ్వదు. అయినా ఆ 5జీ సేవకు ఆధారంగా నిలిచే 4జీ క్యారియర్ 1800లోనే ఉండటం వల్ల వెనక గదిలో కాల్స్, మామూలు బ్రౌజింగ్ నిలకడగానే సాగుతున్నాయి. డేటా వేగమే ప్రధానమై, టవర్‌లో ఇలాంటి వంతుల బ్యాండ్లే ఎక్కువగా ఉన్నవారు ఆ డబ్బును రెండు బయటి యాంటెన్నాలు తగిలించుకునే రూటర్ మీద పెట్టి, ఇంట్లో వైఫై ద్వారా వాడుకోవడం మేలు.