గెనీజా ముక్కల సూచీ: అన్నింటికీ ఒక్కో వరుసా, కొన్నింటికి నిండు పేజీనా? ఏది మేలు?

కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఓఆర్ 1081 జె1 అనే నంబరుతో ఒక పాత గెనీజా కాగితం ఉంది. దాన్ని సూచీలో రెండు రకాలుగా ఎక్కించవచ్చు. ఒకటి: "ఉత్తరం. కాగితం. జుడియో-అరబిక్. ఒక ఆకు." అంతే, అర నిమిషం పని. రెండో రకానికి పేజీ పడుతుంది. ఉత్తరం రాసింది దావీద్ బెన్ మైమోన్ అనే నగల వ్యాపారి. రాసింది తన అన్న మోషేకి, అంటే లోకం మైమోనిడీస్ అని పిలిచే మహాపండితుడికి. కాలం సుమారు 1170. ఎర్ర సముద్రం ఒడ్డున ఉన్న ఐదాబ్ రేవు నుంచి రాశాడు. బిడారు కోసం ఆగకుండా ఒకే ఒక్క తోడుతో ఎడారి దాటి వచ్చానని, ఇక్కడ కొనదగ్గ సరుకు లేదని, అందుకే ఓడెక్కి ఇండియాకు వెళ్తున్నానని, ఇంట్లో భార్యకు ధైర్యం చెప్పమని రాశాడు. అతను తిరిగి రాలేదు. హిందూ మహాసముద్రంలో మునిగిపోయాడు. ఆ వార్త విన్నాక ఏడాది పాటు మంచం పట్టానని అన్న తర్వాత ఒక ఉత్తరంలో రాసుకున్నాడు.

ఇది చదివాక ఎవరైనా రెండో రకమే మేలు అంటారు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. ఇప్పుడు అలా అనుకోవడం లేదు.

ముందు గెనీజా అంటే ఏమిటో కొంచెం చెప్పాలి. దేవుడి పేరున్న రాతను పారేయకూడదని యూదుల ఆచారం. అరిగిపోయిన పుస్తకాలను, కాగితాలను ప్రార్థనా మందిరంలో ఒక గదిలో వేసి ఉంచుతారు. పాత కైరోలో, ఫుస్తాత్ అనే చోట ఉన్న బెన్ ఎజ్రా మందిరంలో ఇలాంటి గది వందల ఏళ్లపాటు నిండుతూ వచ్చింది. దేవుడి పేరున్నవే కాదు, పెళ్లి ఒప్పందాలు, అప్పు పత్రాలు, దుకాణం లెక్కలు, పిల్లలు అక్షరాలు దిద్దిన కాగితాలు కూడా అందులోకి చేరాయి. 1896లో ఆగ్నెస్ లూయిస్, మార్గరెట్ గిబ్సన్ అనే కవల అక్కచెల్లెళ్లు ఈజిప్టు ప్రయాణం నుంచి తెచ్చిన ఒక ముక్కను కేంబ్రిడ్జ్‌లో సొలొమన్ షెక్టర్ అనే పండితుడికి చూపించారు. అది బెన్ సీరా అనే ప్రాచీన యూదు నీతిగ్రంథపు హీబ్రూ పాఠమని ఆయన గుర్తుపట్టాడు. ఆ శీతాకాలమే కైరో వెళ్లి గదిలో ఉన్నదాంట్లో ఎక్కువ భాగం తెచ్చేశాడు. ఈరోజు కేంబ్రిడ్జ్‌లోని ఒక్క టేలర్-షెక్టర్ సేకరణలోనే దాదాపు 1,93,000 ముక్కలున్నాయి. మిగిలినవి న్యూయార్క్, ఆక్స్‌ఫర్డ్, మాంచెస్టర్, పారిస్, బుడాపెస్ట్ లాంటి చోట్ల డజన్ల కొద్దీ గ్రంథాలయాల్లో చెదిరి ఉన్నాయి. ఒకే పుస్తకంలో ఒక ఆకు ఒక దేశంలో, దాని పక్క ఆకు ఇంకో దేశంలో ఉండటం ఇక్కడ మామూలు విషయం.

ఇప్పుడు లెక్క వేద్దాం. ఒక పండితుడు రోజుకు రెండు ముక్కలకు నిండు వివరణ రాస్తాడనుకుందాం. పాఠం ఎత్తిరాసి, అనువదించి, పేర్లు గుర్తుపట్టి, కాలం తేల్చాలంటే రెండు కూడా ఎక్కువే. ఏడాదికి 250 పనిదినాలు. అంటే 500 ముక్కలు. కేంబ్రిడ్జ్‌వి పూర్తవడానికే 386 ఏళ్లు. పదిమందిని పెట్టినా ఒక్కొక్కరికి ఒక ఉద్యోగ జీవితమంతా పడుతుంది. హీబ్రూ, అరబిక్, అరమాయిక్ మూడూ చదవగలిగి, పాత చేతిరాతలతో అలవాటున్న పదిమందిని అన్నేళ్లు కూర్చోబెట్టడం ఏ గ్రంథాలయానికీ తేలిక కాదు.

నిండు పేజీ పద్ధతిలో అసలు ప్రమాదం ఖర్చు కూడా కాదు, ఎంపిక. ఏ ముక్కకు పేజీ ఇవ్వాలో ముందే తేల్చుకోవాలి. ఆ తేల్చేది ఆ తరం అభిరుచి. షెక్టర్ తరానికి బైబిలు, యూదుల ధర్మగ్రంథమైన తల్ముద్, ప్రార్థనా కవిత్వం ముఖ్యం. అంత ముఖ్యం కాదనుకున్నవి పెట్టెల్లో ఉండిపోయాయి. న్యూ సిరీస్ పేరుతో ఒక పెద్ద భాగాన్ని సర్దింది 1950లలో. స్టెఫాన్ రీఫ్ ఆధ్వర్యంలో గెనీజా పరిశోధనా విభాగం వచ్చాక, 1970లలో, మిగిలినవి అడిషనల్ సిరీస్‌గా అరల్లోకి వచ్చాయి. ఆ మధ్యకాలమంతా ఆ ముక్కలకు నంబరు కూడా లేదు. నంబరు లేనిదాన్ని ఎవరూ అడగలేరు. ఎస్. డి. గోయిటైన్ లాంటి చరిత్రకారుడు ఉత్తరాలు, లెక్కలు, కోర్టు కాగితాలే పట్టుకుని మధ్యధరా సమాజపు రోజువారీ జీవితాన్ని అయిదు సంపుటాల్లో రాశాడంటే, ఒకప్పుడు పక్కన పెట్టిన సరుకులో ఎంత ఉందో తెలుస్తుంది.

కాబట్టి అన్నింటికీ ఒక్కో వరుస. కానీ ఇక్కడ ఆగితే పొరపాటే. ఒక్క వరుస కూడా చెడ్డగా రాస్తే ముక్కను దాచేస్తుంది. గెనీజాలో దానికి బాధ కలిగించే ఉదాహరణ ఉంది.

ఫాతిమీ ఖలీఫాలు 969 నుంచి 1171 దాకా ఈజిప్టును ఏలారు. వాళ్ల దర్బారు ఆజ్ఞలు పొడవైన చుట్టల మీద, పెద్ద అక్షరాలతో, వరుసకు వరుసకు మధ్య బాగా ఖాళీ వదిలి రాసేవారు. పని తీరిపోయాక ఆ కాగితం ఎలాగో చేతులు మారి యూదు లేఖకుల దగ్గరకు చేరేది. ఖాళీ చోటు ఎక్కువ, కాగితం మంచిది. వాళ్లు దాన్ని కోసి, ఖాళీల్లో, వెనక వైపున ప్రార్థనలు, కవితలు రాసుకున్నారు. సూచీ రాసినవారు హీబ్రూ వైపు చూసి "ప్రార్థన" అని రాశారు. అరబిక్ వైపు ఏముందో చాలాచోట్ల రాయనే లేదు, రాసినా "అరబిక్ రాత" అని వదిలేశారు. ఆ ముక్కల్లో ఒక్కోదాంట్లో అరబిక్ ఒకటి రెండు వరుసలే మిగిలి ఉంటుంది. వాటిని మళ్లీ జతచేసి ఒక ప్రభుత్వం ఎలా పనిచేసిందో చెప్పడం జెఫ్రీ ఖాన్, మరీనా రుస్తో లాంటి పరిశోధకుల చేతిలో పడేదాకా ఆగాల్సి వచ్చింది. మధ్యయుగపు ఈజిప్టు ప్రభుత్వ కాగితాలు ఇంత తక్కువగా మిగిలిన లోకంలో, అవి గ్రంథాలయాల్లోనే ఉండి కూడా కనపడకపోవడం నాకు చాలా కష్టంగా అనిపిస్తుంది.

ఇంకో తప్పు భాషనూ లిపినీ ఒకే గడిలో వేయడం. జుడియో-అరబిక్ అంటే భాష అరబిక్, రాసిన అక్షరాలు హీబ్రూ. మన తాళపత్రాల్లో సంస్కృత గ్రంథం తెలుగు లిపిలో ఉన్నట్టే. తెలుగు చదవడం మాత్రమే వచ్చినవాడు దాన్ని గడగడా చదువుతాడు, అర్థం చెప్పలేడు. సంస్కృతం నాగరిలో మాత్రమే వచ్చినవాడు అర్థం చెప్పగలడు, చదవలేడు. ఇక్కడ ఇంకో చిక్కు కూడా ఉంది. అరబిక్‌కు 28 అక్షరాలు, హీబ్రూకు 22. తక్కువపడ్డవాటికి హీబ్రూ అక్షరం మీద చుక్క పెడతారు. తొందరలో ఉత్తరం రాసే వ్యాపారి ఆ చుక్కలు పెట్టకుండా వదిలేస్తాడు. "లిపి హీబ్రూ" అని చూసి "హీబ్రూ ఉత్తరం" అని రాసేస్తే, అరబిక్ చరిత్ర చదివే పరిశోధకుడు ఆ పెట్టె తెరవనే తెరవడు.

అందుకే నేను కోరే ఒక్క వరుస ఇలా ఉండాలి. రెండు వైపులా ఏముందో విడివిడిగా చెప్పాలి. లిపికి ఒక గడి, భాషకు ఒక గడి ఉండాలి. కాగితమా, తోలు పత్రమా, కొలత ఎంత, ఎన్ని వరుసలు మిగిలాయి, చదవగలిగిన మొదటి మాటలు ఏవి అన్నది ఉండాలి. తేదీ ఉంటే ఉన్నది ఉన్నట్టు దించాలి, ఏ శకమో చెప్పాలి. ఆ కాలపు యూదులు పత్రాల మీద వాడిన ఏళ్ల లెక్క, అంటే పత్రాల శకం, ప్రకారం 1447 అని ఉంటే అది 1135 శరదృతువులో మొదలయ్యే ఏడాది. సూచీలో 1136 అని మాత్రమే వేస్తే అసలు రాత పోతుంది, తప్పు లెక్క వేసినా తర్వాత ఎవరూ పట్టుకోలేరు. తెలియనిదానికి గడి ఖాళీగా వదలాలి. ఊహను మాత్రం రాయకూడదు.

ఇది ఒక ముక్కకు పది పదిహేను నిమిషాల పని. అర నిమిషం కాదు, అరరోజూ కాదు.

మరి వాలంటీర్ల మాట? పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ గ్రంథాలయం 2017లో మొదలుపెట్టిన ప్రాజెక్టులో ఇంటి దగ్గర కూర్చున్న మామూలు జనం ముక్కల ఫొటో బొమ్మలు చూసి, ఇది హీబ్రూ లిపా అరబిక్ లిపా, నిదానంగా తీర్చి రాసిందా గబగబా రాసిందా అని వేరుచేశారు. భాష రాకపోయినా కంటికి తేడా తెలుస్తుంది. ఇంతవరకు వాళ్లను పూర్తిగా నమ్మవచ్చు. నేను కోరిన ఒక్క వరుసలో కొన్ని గడులు ఇలాంటివే. పాఠం ఎత్తిరాయడానికి మాత్రం చుక్కలు లేని ఉత్తరాన్ని అలవాటు లేనివారి చేతిలో పెట్టడం మంచిది కాదు.

కంప్యూటర్ గొప్పతనం ఇంకోచోట ఉంది. ఫ్రీడ్‌బర్గ్ గెనీజా ప్రాజెక్టు లక్షల బొమ్మలను ఒకచోట చేర్చింది. చేతిరాతను, వరుసల దూరాన్ని పోల్చి, "ఈ రెండు ఆకులు ఒకే పుస్తకానివి కావచ్చు" అని జతలు సూచించే పద్ధతి అక్కడ వచ్చింది. న్యూయార్క్‌లో ఉన్న ప్రతి ఆకునూ కేంబ్రిడ్జ్‌లో ఉన్న ప్రతి ఆకుతో పోల్చి చూడటం మనిషికి సాధ్యం కాదు, యంత్రానికి సాధ్యం. అవునో కాదో చెప్పాల్సింది మాత్రం చదవగలిగిన మనిషే. ఈ పని కూడా అన్ని ముక్కలకూ నంబరు, బొమ్మ, కొలత ఉంటేనే జరుగుతుంది. కొన్నింటికే నిండు పేజీ రాసి మిగిలినవి పెట్టెలో ఉంచిన గ్రంథాలయం యంత్రానికి ఇచ్చేది దాదాపు ఏమీ లేదు.

నిండు పేజీని నేను వద్దనడం లేదు. వరుస. తర్వాత బొమ్మ. తర్వాత పేజీ. ఆ పేజీల్లో మొదటివి ఇండియా ఉత్తరాలకు ఇవ్వమంటాను. ట్యునీషియా నుంచి వచ్చి 12వ శతాబ్దంలో మంగళూరులో ఏళ్ల తరబడి ఉన్న అబ్రహాం బెన్ యిజూ అనే వ్యాపారికి ఇక్కడ కాగితం దొరకడం కష్టంగా ఉండేది. ఏడెన్‌లో ఉన్న స్నేహితుడు మద్‌మూన్ మిరియాలు, ఇనుము లెక్కలతో పాటు తెల్ల కాగితం కూడా కానుకగా పంపేవాడు. వచ్చిన ఉత్తరం వెనక ఖాళీ ఉంటే బెన్ యిజూ అక్కడే తన లెక్కలు, చిత్తు రాతలు రాసుకునేవాడు. ముందు వైపు ఏడెన్, వెనక వైపు మంగళూరు. సూచీ రాసేవారు ఆ ఆకును ఒక్కసారి తిప్పి చూడకపోతే అందులో సగం పోయినట్టే.