క్లోట్రిమజోల్ పూతమందు: ఏడాదిన్నర వాడిన తరువాత

విజయవాడలో రోజంతా మోటారు సైకిలు మీద తిరిగే ఉద్యోగం నాది. నిరుటి కంటే ముందటి వానాకాలంలో గజ్జల్లో రూపాయి బిళ్ళంత మచ్చగా మొదలైన తామర నాలుగు నెలల్లో నడుము చుట్టూ పాకింది. అప్పటి నుంచి ఇప్పటివరకు మూడు విడతలుగా ఫంగస్‌ను అణిచే ఒక శాతం క్లోట్రిమజోల్ క్రీము వాడాను. మొదటి విడతలో దానితోపాటు డాక్టరు ఇచ్చిన ఇట్రాకొనజోల్ అనే ఫంగస్ మందు బిళ్ళలు కూడా మింగాను కనుక, ఆ ఫలితాన్ని పూర్తిగా ఈ క్రీము ఖాతాలో వేయలేను. తరువాతి రెండు విడతల్లో మాత్రం క్రీము ఒక్కటే వాడాను.

ఆ నాలుగు నెలలు ఎలా గడిచాయో ముందు చెప్పాలి. మందుల దుకాణంలో దురద అనగానే ఒక ట్యూబు ఇచ్చారు. రెండో రోజుకే దురద పోయింది, ఎరుపు తగ్గింది, నేను మానేశాను. పది రోజులకు మచ్చ మరింత పెద్దదై తిరిగి వచ్చింది. మళ్ళీ అదే ట్యూబు, మళ్ళీ అదే ఉపశమనం. అందులో ఫంగస్ మందుతోపాటు క్లోబెటసాల్ అనే గట్టి స్టెరాయిడ్ కలిసి ఉందని చర్మవైద్యురాలు అట్ట మీద చూపించేదాకా నాకు తెలియదు. దురద, ఎరుపు మన శరీరం ఫంగస్‌తో పోరాడుతున్న గుర్తులు. స్టెరాయిడ్ ఆ పోరాటాన్ని అణచివేస్తుంది కనుక మనకు హాయిగా ఉంటుంది, ఫంగస్ మాత్రం అడ్డు లేకుండా పాకుతుంది. పలు స్టెరాయిడ్ పూతమందులను కేంద్ర ప్రభుత్వం 2018లో షెడ్యూల్ హెచ్‌లో చేర్చి, చీటీ లేనిదే అమ్మకూడదన్నా, నన్ను మాత్రం ఎవరూ చీటీ అడగలేదు. ఈ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధ కలుగుతుంది.

వైద్యురాలు మచ్చ అంచు నుంచి కాస్త పొట్టు గీకి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి, సూక్ష్మదర్శినిలో చూసి తామరేనని ఖాయం చేశారు. ఈ ఫంగస్ చర్మం పైపొరలోని గట్టి ప్రోటీన్ అయిన కెరటిన్‌ను తిని బతుకుతూ మధ్య నుంచి అంచులకు విస్తరిస్తుంది. అందుకే మచ్చ నడుమ తేటగా, అంచు ఎర్రగా ఉబ్బి ఉంగరంలా కనిపిస్తుంది. క్లోట్రిమజోల్ ఆ ఫంగస్ కణపొరకు కావలసిన ఎర్గోస్టెరాల్ అనే కొవ్వు పదార్థం తయారు కాకుండా ఆపుతుంది. స్టెరాయిడ్ మానేసిన మొదటి వారంలో దురద మునుపటికన్నా పెరిగింది. అలా పెరుగుతుందని ఆమె ముందే చెప్పి ఉండకపోతే పాత ట్యూబు మళ్ళీ కొనేవాడినేమో.

వాడే పద్ధతిలోనే ఈ మందు గుణం తేలుతుంది. రోజుకు రెండు పూటలు, ఒళ్ళు పూర్తిగా ఆరాక, మచ్చ అంచు దాటి రెండు సెంటీమీటర్ల మేర మంచి చర్మానికి కూడా రాయాలి. చూపుడు వేలి చివరి కణుపు పొడవున పిండిన క్రీము, అంటే సుమారు అర గ్రాము, రెండు అరచేతులంత చోటుకు సరిపోతుంది. ఈ లెక్కన నాకు పదిహేను గ్రాముల ట్యూబు వారానికే అయిపోయేది. నేను మొదట్లో దాన్ని నెల రోజులు లాగాలని చూశాను, అది పొరపాటు. చర్మం బాగుపడినట్టు కనిపించాక కూడా మరో రెండు వారాలు ఆపకుండా రాయాలి. మూడో విడత రావడానికి కారణం, రెండో విడతలో తొమ్మిదో రోజుకే నేను చేతులు దులుపుకోవడం.

మా ఇంట్లో పెద్ద చర్చ జరిగింది మాత్రం మొలతాడు గురించి. చెమటతో ఎప్పుడూ తడిగా ఉండే ఆ తాడు కిందనే తామర వరుసగా పట్టింది. దాన్ని తీసేయమని వైద్యురాలు చెబితే, "మొలతాడు లేకుండా ఉండకూడదు నాయనా" అని అమ్మ ఒప్పుకోలేదు. చివరకు పాతది తీసేసి, జబ్బు పూర్తిగా తగ్గాక కొత్తది కట్టుకునేలా ఆమెను ఒప్పించాను. నా తువ్వాలు వేరు చేశాను, లోదుస్తులు వేడినీళ్ళలో ఉతికి ఎండలో ఆరేసి ఇస్త్రీ చేసుకున్నాను, బిగుతు జీన్స్ మానేసి ఇంట్లో లుంగీకి మారాను. తమ్ముడికి కూడా మచ్చ ఉన్నట్టు తేలడంతో ఇద్దరం ఒకేసారి మందు వాడాం. ఒకరికే తగ్గితే రెండోవారి నుంచి మళ్ళీ అంటుకుంటుంది. వెల్లుల్లి నూరి రాస్తే తగ్గుతుందని ఒకరు చెబితే అదీ చేశాను, గజ్జల్లో చర్మం కాలి బొబ్బలెక్కింది. ఎవరూ ఆ పని చేయవద్దు.

ఈ క్రీముకు పరిమితులున్నాయి. గోళ్ళకు, తలకు పట్టిన తామరకు ఇది చాలదు. మధుమేహం ఉన్నవారు, గర్భిణులు, పసిపిల్లల తల్లిదండ్రులు ముందు డాక్టరుకు చూపించడం మేలు. రెండు మూడు వారాలు సరిగ్గా రాసినా తగ్గకపోతే మరో రకం మందు కొని ప్రయోగాలు చేయకూడదు. 2020లో ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టిన ఫంగస్ రకం మన దేశంలో బాగా వ్యాపించింది. అది చాలామందిలో మరో ఫంగస్ మందైన టెర్బినఫిన్‌కు లొంగడం లేదు.

ఇప్పుడు నాకు దురద లేదు, పొట్టు లేదు, ఉబ్బిన అంచు లేదు. నడుము చుట్టూ నల్లటి మరక మిగిలింది. అది జబ్బు కాదు, ఆ వాపు వదిలిన రంగు కనుక దాని మీద క్రీము రాయడం లేదు, నెలనెలా కాస్త పలచబడుతోంది. గజ్జల్లో స్టెరాయిడ్ వల్ల పడిన తెల్లని చారలు మాత్రం ఇక పూర్తిగా పోవని వైద్యురాలు చెప్పారు.