బోరు నీళ్లతో గీజర్: 2016 నుంచి వాడుతున్న అనుభవం

మా గీజర్ మంచిదే. 2016 చలికాలంలో కొన్నాం, ఇప్పటికీ అదే ట్యాంకు. లోపలి సామాను మాత్రం ఒక్కొక్కటిగా దాదాపు అంతా మారింది. మేముండేది నిజాంపేటలో. అపార్ట్‌మెంట్‌కి బోరు నీళ్లే దిక్కు, ఎండాకాలం వస్తే ట్యాంకర్లు. కొత్త బకెట్టు కొన్నా నెల తిరక్కుండానే తెల్లగా గార పట్టేస్తుంది. మంచినీళ్ల లైను ఉన్న ఇంట్లో ఇదే గీజర్‌కి ఇన్ని రిపేర్లు వచ్చేవి కావు. కాబట్టి నేను రాసేది ఉప్పు నీళ్ల వాళ్లకే ఎక్కువ పనికొస్తుంది.

మాది 15 లీటర్లు, 2 కిలోవాట్లు, గ్లాస్ లైనింగ్ (లోపల గాజు పూత) ట్యాంకు, ఐదు స్టార్లు. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ రకం గీజర్ ఎవరిది విప్పినా లోపల ఉండేవి ఇంచుమించు అవే: నీళ్లని వేడిచేసే కాయిల్, కావాల్సినంత వేడెక్కగానే కరెంటు ఆపే థర్మోస్టాట్, అది ఆపకపోతే ఆపే కటౌట్, ట్యాంకుని తుప్పు నుంచి కాపాడే ఆనోడ్ రాడ్. బయట, లోపలి ప్రెషర్ ఎక్కువైతే వదిలేసే సేఫ్టీ వాల్వ్.

ముందు స్టార్ల సంగతి. షాపులో ఎక్కువ డబ్బు గుంజేది వీటి పేరు మీదే. నిలవ గీజర్‌కి స్టార్లు ఇచ్చేది వేడెక్కిన నీళ్లు ట్యాంకులో ఉండగా ఎంత వేడి పోగొట్టుకుంటాయన్న లెక్క మీద. రోజంతా స్విచ్ వేసి ఉంచే ఇంటికి అది ముఖ్యం. మాలాగా స్నానానికి ముందు వేసి, వేడెక్కగానే కట్టేసే వాళ్లకి పెద్దగా మిగిలేదేమీ ఉండదు. 20 డిగ్రీల నీళ్లు 15 లీటర్లు 60 డిగ్రీలకి చేరాలంటే ఎన్ని స్టార్లున్నా 0.7 యూనిట్ కరెంటు కావాల్సిందే. 2 కిలోవాట్ల కాయిల్‌కి అది ఇరవై నిమిషాల పైచిలుకు పని.

ఇక కాయిల్. బోరు నీళ్ల ఇంట్లో మొదట పోయేది ఇదే. పోయే ముందు చెప్పే పోతుంది. స్విచ్ వేసిన కాసేపటికి ట్యాంకులోంచి చిటపటమని చప్పుడు మొదలవుతుంది. కాయిల్ మీద పేరుకున్న గార పొరల సందుల్లో నీళ్లు మరిగి ఆవిరయ్యే చప్పుడది. మాకు మొదటిసారి విప్పినప్పుడు కాయిల్ కడ్డీ కనబడనే లేదు. బొటనవేలంత మందాన తెల్లటి పెచ్చులు, స్పానర్‌తో తడితే పలకలు పలకలుగా ఊడొచ్చాయి. ట్యాంకు అడుగు నుంచి ఇసక లాంటి పొడి మగ్గులకి మగ్గులు వచ్చింది.

గార పడితే కరెంటు బిల్లు రెట్టింపవుతుందని మెకానిక్‌లు భయపెడుతుంటారు. ఆ మాట నేను నమ్మను. నీళ్లలో మునిగున్న కాయిల్ వేడి చివరికి నీళ్లలోకి పోక ఎక్కడికి పోతుంది? అసలు నష్టం వేరు. వేడి త్వరగా బయటికి పోక కాయిల్ లోలోపల మాడిపోతుంది, దాని పైగొట్టం చిట్లుతుంది. మరొకటి, థర్మోస్టాట్ గొట్టం కూడా అదే గారలో కూరుకుపోయి, నీళ్లన్నీ వేడెక్కకముందే లైటు ఆరిపోతుంది. "ఇదివరకు రెండు బకెట్లు వచ్చేవి, ఇప్పుడు ఒకటే వస్తోంది" అనిపిస్తే ముందు అనుమానించాల్సింది దీన్నే.

గార తీయడానికి మెకానిక్ బాత్రూం యాసిడ్ అడిగితే ఇవ్వకండి. రాగి కాయిల్‌ని తినేస్తుంది, ఆ పొగ పీలిస్తే ఊపిరాడదు. నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చని నీళ్లలో కాయిల్‌ని కొన్ని గంటలు నానబెడితే సరిపోతుంది. ట్యాంకు లోపల మాత్రం గీకనివ్వకూడదు, లైనింగ్ దెబ్బతింటుంది. మా రెండో కాయిల్ ఇంకలాయ్‌ది (నికెల్ కలిసిన మిశ్రమ లోహం) వేయించాం. గార దానికీ పడుతుంది గానీ, రాగిదాని కంటే ఎక్కువ కాలం తట్టుకుంటోంది. థర్మోస్టాట్ కూడా చివరిదాకా తిప్పకుండా మధ్యలో ఉంచుతున్నాం. వేడి పెరిగే కొద్దీ గార ఎక్కువ పేరుకుంటుంది మరి.

కాయిల్ చిట్లితే నీళ్లు లోపలికి చేరి కరెంటు లీకవుతుంది. ఇంట్లో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపేసే స్విచ్) ఉంటే గీజర్ వేయగానే అది టప్పున పడిపోతుంది. అది లేక, ఎర్తింగ్ కూడా సరిగా లేకపోతే కుళాయి ముట్టుకున్నప్పుడు చెయ్యి జివ్వుమంటుంది. కొంచెమే కదా అని ఆ పూటకి స్నానం కానిచ్చేద్దాం అనుకోవద్దు. ఎంసీబీ దించేసి ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా చన్నీళ్లే పోసుకోండి. ఎంసీబీ ఉంది కదా అన్న ధీమా వద్దు. అది వైర్లని కాపాడుతుంది, మనిషిని కాదు. మనిషి కోసం ఉండాల్సింది 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ. దాంతోపాటు 16 యాంపియర్ల ప్లగ్గు కూడా అప్పుడప్పుడు చూసుకోవాలి. 2 కిలోవాట్లంటే దాదాపు 9 యాంపియర్లు. సాకెట్ వదులైతే ప్లగ్గు నల్లబడిపోతుంది.

సేఫ్టీ వాల్వ్ గురించి మా అపార్ట్‌మెంట్‌లో అందరిదీ ఒకటే కంప్లైంట్: చుక్కలు కారుతున్నాయి. గీజర్ వేడెక్కేటప్పుడు మాత్రమే కారితే అది రోగం కాదు. 20 నుంచి 60 డిగ్రీలకి వేడెక్కిన 15 లీటర్ల నీళ్లు ఉబ్బి ఓ గ్లాసుడు దాకా పెరుగుతాయి. వెనక్కి పోకుండా లోపలే నాన్ రిటర్న్ వాల్వ్ ఉంటుంది కాబట్టి ఆ గ్లాసుడూ బయటికి రావాలి. పక్క ఫ్లాట్‌లో ఆ కన్నానికి ఎంసీల్ కొట్టించారు. నేను చూసి, పీకించేదాకా ఊరుకోలేదు. దాన్ని మూసేశాక థర్మోస్టాట్ కూడా మొండికేస్తే ట్యాంకు పగిలే ప్రమాదం ఉంది. చుక్కలు బాత్రూంలో పడటం ఇబ్బందైతే సన్న గొట్టం తగిలించి నేల జాలీ దాకా వదలండి, అంతే. స్విచ్ కట్టేసి ఉన్నా ఆగకుండా కారుతుంటే మాత్రం వాల్వ్‌లో మట్టి చేరిందనో, లైన్లో ప్రెషర్ ఎక్కువైందనో అర్థం.

కటౌట్‌ది ఇంకో కథ. ఒక చలికాలం పొద్దున లైటే వెలగలేదు. కింది మూత తీస్తే కటౌట్ పడి ఉంది. చిన్న బటన్ నొక్కితే మళ్లీ పనిచేసింది, రెండ్రోజులకి మళ్లీ పడింది. పిలిచిన కుర్రాడు "ఏం గాదక్కా, డైరెక్ట్ చేసేస్తా, ఇంక పడదు" అన్నాడు. కటౌట్‌ని తప్పించి వైరు నేరుగా కలిపేస్తానని! నీళ్లు హద్దు దాటి వేడెక్కితే కరెంటు ఆపడానికి ఉన్న ఆఖరి అడ్డు అదే. మాటిమాటికీ పడుతోందంటే థర్మోస్టాట్ అతుక్కుపోయి ఉండొచ్చు. మా దాంట్లో అదే జరిగింది. థర్మోస్టాట్ మార్పించాం, అప్పటి నుంచి కటౌట్ జోలికి పోవాల్సిన పని పడలేదు.

మా ట్యాంకు ఇంతకాలం నిలవడానికి కారణం ఏమిటంటే నేను ఆనోడ్ రాడ్డే అంటాను. ఇది మెగ్నీషియం కడ్డీ. ట్యాంకు ఉక్కుని పట్టాల్సిన తుప్పంతా తనకి పట్టించుకుని కరిగిపోతుంది. కరిగిపోయాక వంతు ట్యాంకుది. గీజర్ సామానులో అతి చవకైన వాటిలో ఇదొకటి, అడక్కపోతే సర్వీసు వాళ్లు దీని మాటే ఎత్తరు. సర్వీసుకి ఫోన్ చేసేటప్పుడే "ఆనోడ్ రాడ్ తెచ్చుకు రండి" అని చెప్పాలి, లేకపోతే దానికోసం ఇంకో విజిట్ చార్జీ. మాకు ఒకసారి తీస్తే మధ్యనున్న సన్న ఇనప తీగ తప్ప మెగ్నీషియం ఏమీ మిగల్లేదు. వేడినీళ్లు మాత్రమే ఎర్రగా వస్తుంటే చూడాల్సిన మొదటి చోటు ఇదే. ట్యాంకే కారడం మొదలైతే ఇంక రిపేరు లేదు. వెల్డింగ్ చేస్తామనే వాళ్లని నమ్మకండి, ఆ వేడికి లైనింగ్ పోతుంది.

వారంటీ కార్డు మీద ట్యాంకుకి ఏడేళ్లు అని పెద్ద అక్షరాల్లో ఉంటే మురిసిపోయాం. కాయిల్‌కీ మిగతా వాటికీ ఉన్నది రెండేళ్లే, అది వెనక పేజీలో చిన్న అక్షరాల్లో ఉంది. గార వల్ల పోతే అదీ వర్తించదట. కొనేటప్పుడు అడగాల్సింది కాయిల్ సంగతే.

మళ్లీ కొనాల్సి వస్తే 15 లీటర్లదే, ఇంకలాయ్ కాయిల్‌దే తీసుకుంటాను. మార్చేది బిగించే చోటు ఒక్కటే. మా బిల్డర్ గీజర్ పాయింటుని ఫాల్స్ సీలింగ్ పైన ఇచ్చాడు. చూడ్డానికి నీటుగానే ఉంటుంది గానీ, కాయిల్ కిందికి లాగడానికి చోటు చాలదు. అందుకే ప్రతిసారీ ట్యాంకు మొత్తం దించాలి, దానికి ఇద్దరు మనుషులు కావాలి, రిపేరు కంటే కూలీయే ఎక్కువవుతోంది. కొత్తదాన్ని సీలింగ్ కింద, గోడకి, కింద ఒక మూర ఖాళీ ఉండేలా బిగించమంటాను.