కావలి పక్క మా పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం): కొత్త కోడళ్లను తీసుకుపోదగ్గ చోటు

పెళ్లయిన పిల్ల ‘బిడ్డ ఇప్పుడే వద్దు’ అనుకుంటే అందుకు కావాల్సినయ్యన్నీ సర్కారు ఆస్పత్రిలో ఊరికే ఇస్తారని మా పక్క చానామందికి తెలీదు. అందుకే రాస్తున్నా.

మాది కావలి దగ్గర పల్లె. నేను జాకెట్లు కుడతా. కోడలికి 19 ఏళ్లు, డిగ్రీ రెండో సంవత్సరం. పెళ్లయి నాలుగు నెలలు నిండకముందే చుట్టాలు ‘ఏంది, విశేషమేమన్నా ఉందా?’ అని మొదలుపెట్టారు. నాకు పదహారేళ్లకే పెద్దోడు పుట్టాడు. ఒంట్లో రక్తం లేదు, కాన్పు గండమైంది, బిడ్డ రెండు కేజీలు కూడా తూగలేదు. ఆ పాట్లు ఈ పిల్ల పడకూడదని మా పీహెచ్‌సీకి తీసుకుపోయా.

అక్కడి ఏఎన్ఎం, అంటే నర్సమ్మ, చేసిన మొదటి పనికే నేను నూటికి నూరు మార్కులేస్తా. ‘అమ్మా, మీరు కాసేపు బయట కూర్చోండి, ముందు పాపతో మాట్లాడతా’ అనింది. అత్త పక్కనుంటే ఏ పిల్ల నోరిప్పుతుంది? వాళ్లిద్దరి మాటలయ్యాక నన్ను పిలిచి, ‘పాప చదువు పూర్తి చేయాలనుకుంటా ఉంది, మీకు సమ్మతమేనా?’ అని అడిగింది. సమ్మతమే అన్నా.

బీపీ, బరువు చూసి, వేలు పొడిచి రక్తం చూశారు. హిమోగ్లోబిన్ 9.6 ఉంది. కడుపుతో లేని ఆడమనిషికి 12 అన్నా ఉండాలంట. ఐరన్ మాత్రలిచ్చారు. ఆ తర్వాత బల్ల మీద నిరోధ్, రోజూ వేసుకునే మాలా-ఎన్ మాత్రలు, ఛాయ మాత్రలు, అంతర సూది, గర్భసంచిలో పెట్టే కాపర్-టీ వరసగా పెట్టి, పిల్ల చేతికిచ్చి చూపించింది. అంతర మూడు నెలలకొక సూది. ఆపేసినాక కడుపు నిలవడానికి కొన్ని నెలలు పట్టొచ్చని కూడా దాచకుండా చెప్పింది. నాకు నచ్చింది అదే. మా కోడలు ఛాయ ఎంచుకుంది. అందులో హార్మోన్ ఉండదు. మొదటి మూడు నెలలు వారానికి రెండు మాత్రలు, ఆపైన వారానికొకటే. నెలసరి కాస్త వెనకాముందు కావొచ్చు, భయపడొద్దు, మరీ ఆలస్యమైతే వొచ్చి పరీక్ష చేయించుకోమన్నారు. ఆది, బుధవారాలకు గుండ్రాలు చుట్టిన క్యాలెండరు ఇప్పుడు నా మిషను పక్కనే వేలాడతా ఉంది.

మావాడు గుమ్మం దగ్గరే తచ్చాడతా ఉంటే, ‘అబ్బాయ్, నువ్వు కూడా రా, ఇది నీ పని కూడా’ అని డాక్టరమ్మ లోపలికి పిలిచింది. బిడ్డ కావాలనుకున్నప్పుడు ముందే వొచ్చి చెప్పండి, కడుపు నిలవక ముందు నుంచే ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టాలి అని ఇద్దరికీ కలిపి చెప్పింది.

లోపాలూ ఉన్నయ్. చీటీ రాసే చోట ‘ఏం పని మీద వొచ్చారు?’ అని అందరూ వినేటట్టు అడుగుతారు. మాట్లాడే గదికి తలుపు లేదు, గుడ్డ తెర ఒకటే. సిగ్గుపడే పిల్ల అక్కడే వెనక్కి తిరిగిపోతుంది. దాన్ని మార్చాలి, మార్చడానికి పెద్ద ఖర్చు కూడా కాదు. ఒకసారి ఛాయ అయిపోయిందన్నారు. తర్వాత ఆశా కార్యకర్త ఇంటికి తెచ్చిచ్చింది.

గోడ మీద 2019-20 సర్వే లెక్క అంటించారు. మన రాష్ట్రంలో 15 నుంచి 19 ఏళ్ల లోపు ఆడపిల్లల్లో నూటికి 12.6 మంది అప్పటికే తల్లులో, కడుపుతోనో ఉన్నారంట. పద్దెనిమిది నిండని పిల్లకి కడుపొస్తే పోలీసులకు చెప్తారని భయపడి ఇంట్లోవాళ్లు దొంగచాటుగా ఎవరి దగ్గరికో తీసుకుపోతారు. ప్రాణం మీదికొచ్చేది అక్కడే. డాక్టరు తెలపాల్సిందే, చట్టం అట్టా ఉంది. కానీ పిల్లా, ఇంటివాళ్లూ కోరితే ఆ పిల్ల పేరు బయటపెట్టక్కర్లేదని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. కడుపు తీయించుకోవాల్సొస్తే, మైనరు పిల్లలకు 24 వారాల దాకా చట్టం ఒప్పుకుంటుంది. ఈ మాటలు ఏఎన్ఎం అడిగినోళ్లకే చెప్తా ఉంది. అడగనోళ్లకూ తెలిసేటట్టు ఆ లెక్క పక్కనే పెద్దక్షరాల్లో రాయించాలి.

పొద్దున్నే పోతే జనం తక్కువ. అబ్బాయిని కూడా వెంట తీసుకుపోండి.