ఏజీ4 గ్రైండరా, స్ట్రెయిట్ గ్రైండరా: చిన్న షెడ్డుకు ఏది మేలు?

ములుగు రోడ్డు పక్కన కొత్తగా వెల్డింగ్ షెడ్డు పెడుతున్న తమ్ముడొకడు మొన్న వచ్చి అడిగాడు: "అన్నా, ఇప్పుడు ఒక్క మిషనుకే పైసలున్నయి. ఏజీ4 కొనాల్నా, స్ట్రెయిట్ గ్రైండర్ కొనాల్నా?" ఏజీ4 అంటే నాలుగు అంగుళాల (100 మి.మీ.) వీలు, అంటే అరగదీసే, కోసే చక్రం, తిరిగే యాంగిల్ గ్రైండర్. స్ట్రెయిట్ గ్రైండర్ అంటే పొడవాటి మిషను కొసన సన్నని కాడకు బిగించిన చిన్న రాయి తిరిగేది. ధర, గ్యారంటీ దుకాణంలో చెప్తారు. ఏ మిషను చేతిని ఎలా దెబ్బ తీస్తుందో మాత్రం అక్కడ ఎవరూ చెప్పరు. హన్మకొండలో పదిహేనేళ్లుగా ఈ రెండింటితోనే నా బతుకు కాబట్టి వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

ముందు స్పీడు సంగతి. స్ట్రెయిట్ గ్రైండర్ నిమిషానికి 25,000 చుట్లు తిరుగుతుంది, ఏజీ4 సుమారు 11,000. డబ్బా మీది అంకెలు చూసి మొదటిదే ప్రమాదం అనుకుంటాం. కానీ చూడాల్సింది అంచు వేగం. 100 మి.మీ. వీలు 11,000 చుట్లు తిరిగితే దాని అంచు గంటకు దాదాపు 207 కిలోమీటర్ల వేగంతో పోతుంటుంది. 25 మి.మీ. రాయి 25,000 చుట్లు తిరిగినా ఆ వేగం 118 దగ్గరే ఉంటుంది. పైగా ఏజీ4కు వేసే కటింగ్ వీలు ఒక మిల్లీమీటరు మందమే. కోతలో బిగుసుకుంటే మిషను ఎగిరి తంతుంది, వీలు ముక్కలవుతుంది.

అది నాకు అనుభవమే. ఒక గేటు మూలలో వెల్డింగ్ గడ్డ తీయాలి. వీలును కప్పే గార్డు (రేకు కవచం) అడ్డం వస్తోందని విప్పేశాను. వీలు ఇనుప చానెల్ సందులో పట్టేసి పగిలింది. చప్పుడు విన్నాక చూస్తే ఎడమ మణికట్టు పైన రక్తం. నాలుగు కుట్లు పడ్డాయి. గార్డు ఉంటే ఆ ముక్క దానికే తగిలి ఆగేది.

ఆ రోజు నా దగ్గర స్ట్రెయిట్ గ్రైండర్ ఉంటే గార్డు విప్పే పనే పడేది కాదు. మూలలు, పైపు లోపలి గడ్డలు, ఇరుకు సందులు దాని పని. పొడవు కోతలు, పైపు ముక్కలు, పైన సాఫు చేయడం ఏజీ4 పని. ఒకదాని పని ఇంకోదానితో చేయబోయినప్పుడే దెబ్బలు తగులుతున్నాయని నా నమ్మకం.

అట్లని స్ట్రెయిట్ గ్రైండర్ సాధువు కాదు. దాని ప్రమాదమంతా 6 మి.మీ. కాడలో ఉంది. లోతుగా అందాలని కాడను కాలెట్ (కాడను పట్టి ఉంచే బిగింపు) నుంచి బయటికి ఎక్కువ లాగి బిగిస్తాం. ఆ స్పీడుకు కాడ వంగి రాయి కొరడాలా విసురుతుంది. కాడ బయటికి పెరిగేకొద్దీ ఆ రాయి తట్టుకునే స్పీడు తగ్గుతుంది. రాయి సైజు పెరిగినా అంతే. మిషను స్పీడు కన్నా రాయి మీద రాసిన స్పీడు తక్కువుంటే ఆ రాయి వేయొద్దు.

పైపు కోసేటప్పుడు చాలామంది చేసే తప్పు ఒకటుంది. పైపును రెండు చివర్లా ఇటుకల మీద పెట్టి నడుమ కోస్తారు. కోత సాగేకొద్దీ పైపు కిందికి వంగి వీలును నొక్కేస్తుంది. కోతకు దగ్గరలో ఒక వైపే బిగించి, తెగే ముక్క కింద పడేలా వదిలేయాలి. కటింగ్ వీలుతో పక్కవాటంగా అరగదీయడం మరీ ప్రమాదం, దానికి గరుకు కాగితపు పొరల ఫ్లాప్ డిస్క్ వేరే ఉంది. చెక్క కోయడానికి పళ్ల బ్లేడు ఏజీ4కు వేసేవాళ్లను చూస్తే నాకు గుండె ఆగినట్టవుతుంది.

ఇక స్విచ్. మామూలు ఏజీ4కు జరిపే స్విచ్ ఉంటుంది, ముందుకు తోస్తే అక్కడే నిలుస్తుంది. పని మధ్యలో కరెంటు పోతుంది. మిషను బల్ల మీద పెట్టి చాయ్‌కి పోతాం. కరెంటు రాగానే అది తనంతట తానే తిరిగి బల్ల దిగి నడుస్తుంది. నొక్కి పట్టుకుంటేనే తిరిగే ప్యాడిల్ స్విచ్ మోడల్‌కు ఈ బాధ లేదు, చెయ్యి జారినా ఆగిపోతుంది. కొంచెం ఖరీదు ఎక్కువైనా అదే కొనమన్నాను.

ఎండాకాలం మెడలో తువ్వాల వేసుకొని పని చేయడం మనకు అలవాటు. ఏ మిషనుకైనా అది తీసేయాలి. వదులు నూలు గ్లవ్స్ కూడా వద్దు, పోగు చిక్కితే వేలు వెంట పోతుంది. చేతికి బిగువుగా ఉండే తోలువి మేలు. కళ్లద్దాలు చాలవు, గాగుల్స్ మీద ముఖం మొత్తం కప్పే షీల్డ్ ఉండాలి. కరీంనగర్ గ్రానైట్ లాంటి రాయిని పొడిగా కోయొద్దు, ఆ దుమ్ములోని సిలికా ఊపిరితిత్తుల్లో ఉండిపోతుంది. రేకుల షెడ్డులో వానాకాలమంతా తేమ తాగిన వీల్స్ వాడొద్దు. వీలు నడుమ లోహపు రింగు మీద గడువు నెల, సంవత్సరం ఉంటాయి, ఒకసారి చూసుకోండి.

తమ్ముడు చివరికి ప్యాడిల్ స్విచ్ ఏజీ4 కొన్నాడు. స్ట్రెయిట్ గ్రైండర్ కొనేదాకా మూలల పనికి నాది తీసుకుపొమ్మన్నాను. వీలు మార్చే స్పానర్‌ను వైరుకు, ప్లగ్గుకు ఆనుకొనేలా, చిన్న తాడుతో కట్టిచ్చాను. ప్లగ్గు పీకితే తప్ప అది వీలు దాకా అందదు.