తల్లి ఖాతాలో డబ్బా, అంగన్‌వాడీలో రెండో టీచరా: ఏది మేలు?

పిల్లల కోసం పెట్టే డబ్బు ఎక్కడ పెడితే ఎక్కువ ఫలితం వస్తుందన్న ప్రశ్నకు ఆంధ్రప్రదేశ్‌లో వేర్వేరు పార్టీల ప్రభుత్వాలు ఒకటే జవాబు చెప్పాయి: తల్లి ఖాతాలో వేద్దాం. 2020 జనవరిలో మొదలైన అమ్మ ఒడిలో, ఇంట్లో ఎంతమంది పిల్లలు చదువుతున్నా తల్లికి ఏడాదికి 15,000 రూపాయలే. 2025 జూన్‌లో వచ్చిన తల్లికి వందనం ఆ మొత్తాన్ని చదువుకునే ప్రతి బిడ్డకూ వర్తింపజేసింది. బడుల నిర్వహణకు 2,000 మినహాయించి మిగతా 13,000 ఖాతాల్లో వేశారు. 67 లక్షల మందికి పైగా విద్యార్థులు, సుమారు 8,745 కోట్ల రూపాయలు.

ఈ డబ్బును దుబారా అనేవాళ్లతో నేను ఏకీభవించను. బడులు తెరిచే జూన్‌లో ఫీజులు, పుస్తకాలు, ఆటో ఖర్చు అన్నీ ఒకేసారి మీద పడతాయి. అప్పుడు అప్పు కోసం తిరగాల్సిన తల్లికి ఈ 13,000 ఎంత ఊరటో ఆ ఇళ్లలో అడిగితే తెలుస్తుంది. పైగా తన పేరున వచ్చిన డబ్బు కాబట్టి, దేనికి ఖర్చు పెట్టాలో చెప్పే హక్కు ఆమెకు కాస్తయినా ఉంటుంది.

కానీ ఈ సాయం ఒకటో తరగతి నుంచే మొదలవుతుంది. బిడ్డ ఎత్తు, బరువు, మాట, ఆలోచన పునాది పడే తొలి ఆరేళ్లూ దీని పరిధిలో లేవు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఐదేళ్లలోపు పిల్లల్లో 31.2 శాతం మందికి వయసుకు తగ్గ ఎత్తు లేదు. 63.2 శాతం మందికి రక్తహీనత. తెలంగాణలో ఈ రెండూ ఇంకా ఎక్కువే. ఒకటో తరగతిలో అందే డబ్బు ఈ నష్టాన్ని వెనక్కి తేలేదు.

ఆ వయసు పిల్లలకు ఊళ్లో ఉన్న దిక్కు అంగన్‌వాడీ. 1975 అక్టోబరు 2న మొదలైన ఈ వ్యవస్థలో ఇప్పటికీ కేంద్రానికి ఒక టీచరు, ఒక ఆయా. పాటలు, ఆటలు, అక్షరాలు నేర్పడం, బరువులు తూయడం, గర్భిణులకు సరుకులు, చిన్నపిల్లలకు బాలామృతం ఇవ్వడం, ఇళ్లకు వెళ్లి చూడటం, ఇవన్నీ ఆ టీచరే చేయాలి. వీటికి తోడు పోషణ్ ట్రాకర్ యాప్‌లో నమోదు, 2025 జులై నుంచి సరుకులు ఇచ్చేటప్పుడు ముఖ గుర్తింపు. నెట్‌వర్క్ లేని ఊళ్లో అదో పెద్ద టెన్షన్. ఇంత పనిలో మొదట కోత పడేది చదువు చెప్పే సమయానికే.

దీనికి తమిళనాడులో ఒక దారి పరీక్షించి చూశారు. 640 అంగన్‌వాడీల్లో చేసిన అధ్యయనం అది. వాటిలో కొన్నింటికి చదువు చెప్పడానికే సగం పూట పనిచేసే మరో మనిషిని ఇచ్చారు. చదువుకు దొరికే సమయం రెట్టింపైంది, లెక్కలూ భాషా మెరుగయ్యాయి. పాత టీచరుకు పోషణ, ఆరోగ్యం చూసే తీరిక దొరకడంతో కేంద్రంలో కొనసాగిన పిల్లల్లో ఎదుగుదల లోపం, తీవ్ర పోషకాహార లోపం కూడా తగ్గాయి. చదువు కోసం పెట్టిన మనిషి వల్ల తిండి సమస్యా తగ్గడం నాకు అన్నిటికన్నా ముఖ్యంగా అనిపించింది.

ఖర్చు చూద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో 55,607 అంగన్‌వాడీ కేంద్రాలున్నాయి. ప్రతిదానిలో రెండో టీచరును పెట్టి, ఇప్పటి గౌరవ వేతనం 11,500 చొప్పున ఇస్తే ఏడాదికి సుమారు 767 కోట్లు. తల్లికి వందనం డబ్బులో పదో వంతు కూడా కాదు. ఆ జీతం సరిపోదన్నదీ నిజమే. 2023 డిసెంబరు నుంచి 42 రోజులు సమ్మె చేసింది ఈ అక్కచెల్లెళ్లే. వేతనం రెట్టింపు చేసి లెక్కేసినా కొత్త టీచర్ల ఖర్చు 1,535 కోట్లు దాటదు.

అలాగని తల్లుల డబ్బు ఆపమని అనను. ఇచ్చిన దాన్ని మధ్యలో లాగేసుకుంటే దెబ్బ తగిలేది పేద ఇళ్లకే. బడ్జెట్‌లో పిల్లల కోసం కొత్తగా చేర్చే డబ్బు మాత్రం ముందు అంగన్‌వాడీకే వెళ్లాలి. ఖాతాలో డబ్బు పడితే ఫోన్‌కు మెసేజ్ వస్తుంది, రెండో టీచరు వచ్చిన సంగతి అలా తెలియదు, అందుకే నాయకులకు ఇది ఆకర్షణీయంగా కనిపించదు. అడగాల్సింది తల్లిదండ్రులే. అన్ని చోట్లా ఒకేసారి కుదరకపోతే పాడేరు, రంపచోడవరం వంటి ఏజెన్సీ ప్రాంతాల్లో, పిల్లలు కిక్కిరిసిన పట్టణ కేంద్రాల్లో మొదలుపెట్టవచ్చు. నలుగురైదుగురు పిల్లలే ఉన్న కేంద్రానికి రెండో టీచరు అవసరం లేదు.